మంచం పడితేనే పలికే పాలసీ: మహిళల క్యాన్సర్ స్క్రీనింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

విజయవాడ సూర్యారావుపేటలో స్కానింగ్ సెంటర్ల కౌంటర్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది: "ఇన్సూరెన్స్ కార్డు ఉందండీ, మామోగ్రామ్‌కి పనిచేస్తుందా?" రొమ్ముకు తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌కు అది పనిచేయదు, డబ్బు కట్టాలి అని జవాబు వస్తుంది. ఆ జవాబు చాలావరకు నిజమే. అయితే అక్కడితో ఆగిపోతే నష్టం రెండు వైపులా ఉంటుంది. కొందరు పరీక్షే మానుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఇంకొందరు డబ్బు కట్టి పరీక్ష చేయించుకుని, బిల్లు పారేసి, నెల తర్వాత ఆపరేషన్ జరిగినప్పుడు అదే బిల్లు క్లెయిమ్‌లో వచ్చేదని తెలిసి బాధపడతారు.

మన దేశంలో మామూలు ఆరోగ్య బీమా పాలసీ ఆసుపత్రి మంచం చుట్టూ అల్లిన ఒప్పందం. 24 గంటల అడ్మిషన్ ఉండాలి, లేదా డే కేర్ జాబితాలో ఉన్న చికిత్స, అంటే 24 గంటల్లోపే ముగించి ఇంటికి పంపేది, అయి ఉండాలి. స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేని మనిషికి జబ్బు ఉందేమోనని ముందుగా చూడటం. ఆ మనిషి మంచం ఎక్కదు కాబట్టి పాలసీ దృష్టిలో ఆ ఖర్చుకు చోటు లేదు. దీనికి తోడు అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఒకే మాటలతో ఉండే మినహాయింపు ఒకటుంది. మినహాయింపుల పేజీలో దాని కోడ్ 'ఎక్స్‌క్ల్ 04'. కేవలం పరీక్షల కోసం జరిగిన అడ్మిషన్‌కు డబ్బు ఇవ్వరు. నడుస్తున్న చికిత్సతో సంబంధం లేని పరీక్షలకూ ఇవ్వరు. "ఒక్కరోజు అడ్మిట్ అయిపోండి, మామోగ్రామ్, ముక్క పరీక్ష అన్నీ క్లెయిమ్‌లో వచ్చేస్తాయి" అని ఎవరైనా సలహా ఇస్తే నమ్మవద్దు. సరిగ్గా ఈ కోడ్ కిందే ఆ క్లెయిమ్ తిరిగొస్తుంది. రూమ్ అద్దె కూడా మీద పడుతుంది.

అదే మామోగ్రామ్‌కు డబ్బు వచ్చే దారీ ఉంది. దాదాపు ప్రతి పాలసీలో 'ప్రీ హాస్పిటలైజేషన్' అనే పద్దు ఉంటుంది. అడ్మిషన్‌కు ముందు 30 రోజుల్లోనో 60 రోజుల్లోనో అదే జబ్బు కోసం అయిన పరీక్షలు, మందులు, డాక్టరు ఫీజులు అందులోకి వస్తాయి. రొమ్ములో గడ్డ తగిలి జూన్ 3న మామోగ్రామ్, జూన్ 10న బయాప్సీ (ముక్క పరీక్ష) చేయించుకున్నారనుకుందాం. జులై 8న ఆపరేషన్‌కు అడ్మిట్ అయ్యారు. పాలసీలో 30 రోజులే ఉంటే బయాప్సీ బిల్లు 28 రోజుల లోపలే కాబట్టి వస్తుంది. మామోగ్రామ్‌కు 35 రోజులు దాటాయి కాబట్టి రాదు. 60 రోజుల పాలసీ అయితే రెండూ వస్తాయి. "ఆషాఢం వెళ్లాక చూద్దాం, మూఢం పోనివ్వండి" అని ఆపరేషన్‌ను జులై 28కి జరిపితే 30 రోజుల పాలసీలో రెండు బిల్లులూ పోతాయి. బిల్లులు పోతే పోయాయి, గడ్డకు అన్ని రోజులు ఇవ్వడమే అసలు ప్రమాదం.

ఆపరేషన్ కన్నా ముందు కీమో మొదలుపెట్టే కేసులు ఇప్పుడు ఎక్కువ. కీమో డే కేర్ చికిత్స. మొదటి కీమో రోజే అడ్మిషన్ కిందకి వస్తుంది కాబట్టి వెనక్కి లెక్కపెట్టే రోజులు అక్కడి నుంచి మొదలవుతాయి. ఆపరేషన్ అయ్యాకే అన్ని బిల్లులూ కలిపి పెడదామని కూర్చుంటే గడువు దాటిపోతుంది. మనం కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ కాగితాలు డిశ్చార్జ్ తర్వాత ఇన్ని రోజుల్లోగా ఇవ్వాలని పాలసీలో రాసి ఉంటుంది. ఆ అంకెను పాలసీ పుస్తకంలో వెతికి ఫైలు అట్ట మీద రాసిపెట్టుకుంటే మంచిది.

చీటీ మీద ఏం రాశారు?

క్లెయిమ్ చూసే మనిషి పేషెంటును చూడడు, కాగితం చూస్తాడు. డాక్టరు చీటీ మీద 'మామోగ్రామ్, రెండు వైపులా' అని మాత్రమే ఉంటే అది చెకప్పో, జబ్బు కోసం చేసిన పరీక్షో అతనికి తెలియదు. 'ఎడమ రొమ్ములో గడ్డ, మూడు వారాలుగా' అని ఉంటే అది నిర్ధారణ పరీక్ష అవుతుంది. లేనిది రాయించుకోమని కాదు. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తస్రావమైనా, కలయిక తర్వాత రక్తం కనిపించినా ఆ మాట డాక్టరుతో పైకి చెప్పాలి, అది చీటీ మీదకు ఎక్కిందో లేదో చూసుకోవాలి. సిగ్గుపడి "ఊరికే చెకప్‌కి వచ్చానండీ" అంటే వైద్యం దారి తప్పుతుంది, క్లెయిమ్ కూడా దారి తప్పుతుంది.

ఇంకో చోట చాలామంది దెబ్బతింటున్నారు. అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టరు హడావుడిగా "ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అని అడుగుతారు. "చాన్నాళ్లయిందండీ, రెండేళ్లు అయుంటుంది" అని పక్కనున్న బంధువు ఏదో అంచనాగా చెప్తాడు. కేస్ షీట్‌లో 'రెండేళ్లుగా' అని పడుతుంది. పాలసీ తీసుకుని ఏడాదే అయి ఉంటే జబ్బు ముందు నుంచే ఉందంటూ క్లెయిమ్ ఆపేస్తారు. గడ్డను మొదట ఎప్పుడు గమనించారో పేషెంటే గుర్తు తెచ్చుకుని నిజం చెప్పాలి, బంధువుల ఊహలకు వదలకూడదు. పొరపాటు పడితే డిశ్చార్జ్ అయ్యేలోగా చికిత్స చేసిన డాక్టరుతోనే సరిదిద్దించి, సంతకం, స్టాంపు వేయించుకోవాలి. ఇంటికి వచ్చాక తెచ్చే దిద్దుబాటు లేఖను బీమా కంపెనీలు అనుమానంగానే చూస్తాయి.

వెయిటింగ్ పీరియడ్ సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప ఏ జబ్బుకైనా మొదటి 30 రోజులు ఏమీ రాదు. ఆ తర్వాత కొన్ని జబ్బులకు విడిగా గడువు ఉంటుంది, ఎక్కువ పాలసీల్లో అది 24 నెలలు. గర్భసంచి తీసేయడం, ఫైబ్రాయిడ్లు, క్యాన్సర్ కాని గడ్డలు, నీటి బుడగలు సాధారణంగా ఆ జాబితాలో ఉంటాయి. అందుకే పాలసీ తీసుకున్న మొదటి ఏడాదిలో రొమ్ము గడ్డ తీయించుకుంటే, అది మామూలు గడ్డని తేలినప్పుడు క్లెయిమ్ రాకపోవచ్చు. క్యాన్సర్ అని తేలితే వస్తుంది. బయాప్సీ రిపోర్టు చేతికి రాకుండా క్లెయిమ్ పెట్టి, తిరస్కరించారని కంగారు పడే వాళ్లలో ఈ కేసులు చాలా ఉంటాయి.

పాలసీకి ముందే ఉన్న జబ్బుకు గరిష్ఠ వెయిటింగ్ 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలకు తగ్గింది. అంతకుముందు 48 నెలలు ఉండేది. 60 నెలలు విడవకుండా ప్రీమియం కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, 'ముందే చెప్పలేదు' అన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు. స్క్రీనింగ్‌లో తేడా కనిపిస్తే వచ్చే ఏడాది పాలసీ రెన్యువల్ చేయరేమోనని చాలామంది భయపడతారు. అది అపోహ. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించకూడదన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. కవరేజీ మొత్తం పెంచుకుంటున్నప్పుడు, కంపెనీ మారుతున్నప్పుడు, కొత్త పాలసీ తీసుకుంటున్నప్పుడు మాత్రం ఆ రిపోర్టు గురించి తప్పకుండా చెప్పాలి. పాలసీ లేని మనిషి "ముందు పాలసీ తీసుకుని, తర్వాత పరీక్ష చేయించుకుంటా" అనుకోవడం అర్థం చేసుకోదగ్గదే. కానీ చేతికి గడ్డ తగులుతున్నప్పుడు ఆ ఆలోచన పనికిరాదు. లక్షణం ముందే ఉందన్నది కాగితం మీద ఎలాగూ బయటపడుతుంది, ఈలోగా నెలలు పోతాయి.

'ఉచిత హెల్త్ చెకప్' లోపల ఏముంది?

చాలా పాలసీలు ఏడాదికోసారో, క్లెయిమ్ లేని రెండు మూడేళ్లకోసారో ఉచిత చెకప్ ఇస్తాయి. ఏజెంటు చెప్పే "అన్ని పరీక్షలూ ఫ్రీ" అన్న మాట దీని గురించే. జాబితా తెరిచి చూస్తే చాలావాటిలో రక్తహీనత, షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, ఈసీజీ ఉంటాయి. పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష), మామోగ్రామ్ కొన్ని పాలసీల్లో ఫలానా వయసు దాటిన మహిళలకే ఉంటాయి, కొన్నింట్లో అసలే ఉండవు. కొన్ని కంపెనీలు జాబితా కాకుండా ఇంత మొత్తం అని ఇస్తాయి, ఆ డబ్బుతో ఏ పరీక్షైనా చేయించుకోవచ్చు. మహిళలకు రెండో రకమే మేలు.

వాడుకునేటప్పుడు జరిగే తప్పులు కొన్నే, కానీ అవే పదేపదే జరుగుతాయి. నచ్చిన ల్యాబ్‌కు వెళ్లి చేయించుకుని బిల్లు పెడితే రాకపోవచ్చు. ఎక్కువ కంపెనీలు తమ యాప్‌లోనో ఫోన్లోనో ముందు అపాయింట్‌మెంట్ తీసుకుని, తమతో ఒప్పందం ఉన్న సెంటర్‌కు వెళ్లమంటాయి. గుంటూరులో ఒప్పందం ఉన్న సెంటర్‌లో మామోగ్రామ్ మిషన్ లేకపోవచ్చు, అప్పుడు విజయవాడ సెంటర్‌ను అడగాలి. ఆ ఏడాది వాడుకోకపోతే చెకప్ మరుసటి ఏడాదికి జమ కాదు. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలో చెకప్ ఒక్కరికేనా, పెద్దవాళ్లందరికా అన్నది కూడా చూడాలి. ఒక్కరికే అంటే మన ఇళ్లలో అది మగవాళ్లకే పోతోంది. ఈసారి ఇంట్లో నలభై దాటిన ఆడమనిషికి ఇవ్వండి.

అడ్మిషన్ లేని ఖర్చుల కోసం అదనపు ప్రీమియంతో పాలసీకి జోడించుకునే ఓపీ కవర్ రైడర్‌ను స్క్రీనింగ్ కోసమే కొనడం గిట్టుబాటు కాదు. లెక్క చూడండి. మామోగ్రామ్‌కు 2,000 రూపాయలు, రెండేళ్లకోసారి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్షకు 2,500, అయిదేళ్లకోసారి. ఈ ధరలు ఉదాహరణకు పెట్టుకున్నవే, సెంటర్‌ను బట్టి మారతాయి. ఏడాదికి సగటున 1,500, అంటే నెలకు 125 రూపాయలు. రైడర్ ప్రీమియం ఇంతకు మించి ఉంటే, వేరే ఓపీ ఖర్చులు లేని ఇంటికి అది దండగ. ఆ డబ్బు విడిగా పక్కన పెట్టుకోవడమే నయం. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవాళ్లకు ముందస్తు ఆరోగ్య పరీక్షల కింద 5,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు రాదు, చెకప్ బిల్లు నగదుగా కట్టినా వస్తుంది. ఈ 5,000 మొత్తం పరిమితి 25,000 లోపలే. ప్రీమియమే 25,000 అయిపోతే ఇక దీనికి చోటు ఉండదు.

ఏ పరీక్షకు డబ్బు పెట్టాలి?

'మహిళల క్యాన్సర్ ప్యాకేజీ' పేరుతో రక్తంలో సీఏ 125, సీఏ 15-3, సీఈఏ చూసే ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఇవి క్యాన్సర్ ఉన్నవాళ్లలో చికిత్స ఎలా పనిచేస్తుందో చూడటానికి వాడే పరీక్షలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో క్యాన్సర్ వెతకడానికి పనికిరావు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా, ముట్టు రోజుల్లోనైనా సీఏ 125 పెరుగుతుంది. దాని వెంట స్కాన్లు, భయం, ఖర్చు. అండాశయ క్యాన్సర్‌కు మామూలు ప్రమాదం ఉన్న మహిళల్లో ప్రాణం నిలుపుతుందని తేలిన స్క్రీనింగ్ పరీక్షే లేదు. డబ్బు పెట్టాల్సింది గర్భాశయ ముఖద్వారానికి హెచ్‌పీవీ లేదా పాప్ స్మియర్‌కు, రొమ్ముకు నలభై దాటాక మామోగ్రామ్‌కు. నలభై లోపు రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో తెల్లగా కప్పేస్తుంది కాబట్టి గడ్డ తగిలితే ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు.

పరీక్షకు వెళ్లే ముందు చేసే చిన్న పొరపాట్ల వల్ల అదే పరీక్షకు రెండోసారి డబ్బు కట్టాల్సి వస్తుంది. మామోగ్రామ్ రోజు చంకల్లో, రొమ్ముల కింద పౌడరు, డియోడరెంట్ రాసుకోకూడదు. వాటిలోని రేణువులు ఫిల్ముపై సున్నపు చుక్కల్లా కనిపిస్తాయి, క్యాన్సర్ అనుమానం కలిగించేవీ అలాంటి చుక్కలే. మన ఎండలకు ఇల్లు దాటే ముందు పౌడరు అద్దుకోవడం అలవాటు కాబట్టి ఇది ముందురోజే గుర్తుపెట్టుకోవాలి. ముట్టు అయిపోయిన వారంలో వెళ్తే రొమ్ము నొక్కినప్పుడు నొప్పి తక్కువ. పాప్ స్మియర్‌కు ముట్టు రోజులు పనికిరావు. ముందు 48 గంటలు కలయిక, లోపల పెట్టే మందులు ఉండకూడదు. లేకపోతే 'శాంపిల్ సరిపోలేదు' అని రిపోర్టు వస్తుంది.

మామోగ్రామ్ రిపోర్టు చివర బై-రాడ్స్ అని 0 నుంచి 6 వరకు ఒక అంకె ఉంటుంది. 0 అంటే బాగుందని కాదు, ఇంకా చూడాలని. 1, 2 అయితే బెంగ లేదు. 3 అయితే సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4, 5 అయితే బయాప్సీ. 6 అంటే బయాప్సీలో అప్పటికే క్యాన్సర్ తేలిన కేసు. బీమా పరంగా చూస్తే 4 పడిన రోజు నుంచే ప్రీ హాస్పిటలైజేషన్ రోజులు మనసులో లెక్కపెట్టుకోవాలి.

మన రాష్ట్రానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో మూడు శాతం వరకు ఉంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది శాతం దగ్గర ఉన్నారు. "నాకు సంచి తీసేశారు, ఇక ఏ క్యాన్సరూ రాదు" అన్న నమ్మకం గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల నుంచి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల దాకా ఉంది. పాత డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడాలి. 'టోటల్' అని ఉంటే ముఖద్వారం కూడా తీశారని అర్థం. క్యాన్సర్ కాని కారణానికి తీసి, ముందు రిపోర్టుల్లో తేడా ఏమీ లేకపోతే పాప్ స్మియర్ అక్కర్లేదు. 'సబ్‌టోటల్' అని ఉంటే ముఖద్వారం అలాగే ఉంది, పరీక్ష కొనసాగాలి. రొమ్ము పరీక్షకు గర్భసంచితో సంబంధమే లేదు.

ముఖద్వార స్క్రీనింగ్‌లో ఎక్కువగా బయటపడేది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు ముందు దశ. దాన్ని సీఐఎన్ 1, 2, 3 అంటారు. జాబితాలోని పెద్ద జబ్బు తేలితే ఒకేసారి మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఉన్నవాళ్లు ఇక్కడే మోసపోయామనుకుంటారు. ఆ పాలసీల్లో క్యాన్సర్ నిర్వచనం ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. ముఖద్వారంలో సీఐఎన్ 1, 2, 3, రొమ్ములో చుట్టుపక్కలకు పాకని తొలి దశ క్యాన్సర్ అందులోకి రావు. క్యాన్సర్ విషయంలో ఆ పాలసీ ఇచ్చేది చుట్టుపక్కల కణజాలానికి పాకిన జబ్బుకే. మామూలు హాస్పిటల్ పాలసీ మాత్రం సీఐఎన్‌కు చేసే లీప్ (కరెంటు తీగతో మార్పు ఉన్న భాగాన్ని తీసేయడం) లాంటి డే కేర్ చికిత్సకు నిబంధనలకు లోబడి ఇస్తుంది. అందుకే క్రిటికల్ ఇల్‌నెస్ ఒక్కటే ఉంటే చాలదు. తొలి దశకు కొంత శాతం చెల్లించే విడి క్యాన్సర్ పాలసీలు ఉన్నాయి. వాటి వెయిటింగ్ పీరియడ్ ఎక్కువ కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి.

కార్డుతో, కార్డు లేకుండా

ప్రైవేటు పాలసీ లేని ఇళ్లకు స్క్రీనింగ్ దారి నిజానికి సులువు. జాతీయ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఏ కార్డూ అక్కర్లేదు. ముఖద్వారానికి చేసే 'వయా' పరీక్షలో పలుచని ఎసిటిక్ యాసిడ్‌ను దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. అయిదేళ్లకోసారి చాలు. ఇంటికి వచ్చే ఆశా, ఏఎన్‌ఎం అడిగినప్పుడు "మాకేం లేదమ్మా" అని పంపేయకుండా, ఈ పరీక్ష మీ ఆరోగ్య కేంద్రంలో ఏ రోజు చేస్తారో అడగాలి. తేడా ఉంటే పెద్దాసుపత్రికి రాస్తారు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే నిన్నటి ఆరోగ్యశ్రీ, స్క్రీనింగ్ పథకం కాదు. అది చికిత్స పథకం. 2023 డిసెంబరులో దాని పరిమితిని 25 లక్షలకు పెంచారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందులో ఉన్నాయి. ఇబ్బంది మధ్యలో వస్తుంది. క్యాన్సర్ అని తేలేదాకా అనుమతి రాదు, తేలాలంటే బయాప్సీ కావాలి, బయాప్సీకి బయట డబ్బు కట్టించుకుంటారు. పథకంతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లిన రోజే అక్కడ పథకం తరఫున ఉండే వైద్య మిత్ర దగ్గర పేరు నమోదు చేయించుకుని ఆ తర్వాతే పరీక్షలకు కదలాలి. ప్యాకేజీలో భాగమైన పరీక్షకు డబ్బు అడిగితే రసీదు తీసుకుని 104 నంబరుకు ఫోన్ చేసి చెప్పాలి. రసీదు లేని ఫిర్యాదు నిలబడదు.

నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న మహిళలు ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐని మర్చిపోతుంటారు. విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల దుకాణాల్లో, ఆటోనగర్ యూనిట్లలో పనిచేసేవాళ్లలో చాలామందికి జీతంలో 0.75 శాతం కోత పడుతూనే ఉంటుంది. గడ్డ కనిపిస్తే డిస్పెన్సరీ నుంచి గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రికి రాయించుకోవచ్చు. చికిత్స ఖర్చుకు పై పరిమితి లేదు. రిఫరల్ కాగితం లేకుండా నేరుగా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే మాత్రం ఆ బిల్లు రాబట్టడం చాలా కష్టం.

క్లెయిమ్ తిరస్కరించినప్పుడు ఫోన్లో చెప్పిన కారణంతో సరిపెట్టుకోకూడదు. ఏ నిబంధన కింద అన్నది లిఖితంగా అడగాలి. 'ఎక్స్‌క్ల్ 04' అని రాస్తే లక్షణం ఉన్న డాక్టరు చీటీ, బయాప్సీ రిపోర్టు, అడ్మిషన్ తేదీ చూపించి పాలసీ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. కంపెనీ తరఫున క్లెయిమ్ కాగితాలు చూసే మధ్యవర్తి సంస్థ టీపీఏతో వాదన పెట్టుకుని లాభం లేదు, నిర్ణయం కంపెనీదే. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేసే బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది. అదీ కాకపోతే మన రాష్ట్రం బీమా తగాదాలు తేల్చే అధికారి అయిన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ హైదరాబాద్ కార్యాలయ పరిధిలోకి వస్తుంది. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి కాగితాల నకళ్లు జత చేస్తే చాలు.